ఇంటర్ అయిపోయింది, రెజ్యూమె ఎలా రాసుకోవాలి (నాకేం అనుభవం లేదు అనుకునేవాళ్ళకి)

మాది తాడేపల్లిగూడెంలో చిన్న నెట్ సెంటరు, జిరాక్సు కూడా. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి డిగ్రీ అడ్మిషన్లు అయ్యేదాకా రోజుకి ఐదారుగురు పిల్లలు వచ్చి అడిగేది ఒకటే, "అన్నయ్యా, ఏదో ఒక మోడల్ రెజ్యూమె ఉంటే పేరు మార్చి ఇచ్చెయ్యవా" అని. నేనూ మొదట్లో అలాగే ఇచ్చేవాడిని, ఒకటే ఫైలు, పేరు మార్చడం ప్రింటు తియ్యడం. ఒకసారి జాబ్ మేళాకి మా షాపు నుంచి నలుగురు వెళ్ళారు, నలుగురి హాబీలూ ఒకటే, పైగా అందులో ఒకడి కాగితంలో ఇంకొకడి నాన్న పేరు ఉండిపోయింది. వాడు వచ్చి చెప్పినప్పుడు ఇద్దరం నవ్వుకున్నాంగానీ తప్పు నాదే. అప్పట్నుంచి మోడల్ ఇవ్వడం మానేసి పక్కన కూర్చోబెట్టుకుని రాయిస్తున్నా. అందరికీ అదే చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది, అందుకే ఇక్కడ రాసి పడేస్తున్నా.

ఇది ఇంటర్ పాసయ్యి, డిగ్రీలో చేరుతూనో చేరకుండానో మొదటి ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకి. సాఫ్ట్‌వేర్ ఫ్రెషర్లకి కాదు, వాళ్ళ గొడవ వేరే.

ఏమేం కావాలి

- పదో తరగతి మెమో, ఇంటర్ మెమో. ఒరిజినల్ ఇంకా రాకపోతే నెట్‌లో తీసిన షార్ట్ మెమో చాలు
- ఆధార్
- ఇంకో ఆరు నెలలపాటు కచ్చితంగా పనిచేసే ఫోన్ నంబరు
- పాస్‌వర్డ్ మీకే తెలిసిన ఈమెయిల్ (నవ్వకండి, కింద చెప్తా)
- ఒక తెల్లకాగితం, పెన్ను, ఒక గంట టైము

కంప్యూటర్ లేకపోయినా పర్లేదు, ఫోన్‌లో గూగుల్ డాక్స్‌తో అయిపోతుంది.

1. ముందు తెల్లకాగితం మీద, తెలుగులో

ఫోన్ పక్కన పెట్టండి. పదో తరగతి సెలవల నుంచి ఇవాళ్టి దాకా మీరు చేసిన పని అంటూ ఏదుంటే అది రాయండి. జీతం వచ్చిందా లేదా అనేది చూడొద్దు. నాన్న షాపులో కూర్చున్నా, మావయ్య మెడికల్ షాపులో స్టాక్ సర్దినా, పక్కింటి పిల్లలకి ట్యూషన్ చెప్పినా, పెళ్ళిళ్ళలో క్యాటరింగ్‌కి వెళ్ళినా, అమ్మ డ్వాక్రా గ్రూపు పుస్తకం మీరే రాసినా అన్నీ రాయండి. తెలుగులోనే ఎందుకంటే, ఇంగ్లీషులో మొదలుపెడితే చేతికి వచ్చేవి ఎవరో రాసిన మాటలు, హార్డ్ వర్కింగ్, సిన్సియర్, టీమ్ ప్లేయర్. తెలుగులో రాస్తే మీరు నిజంగా ఏం చేశారో అది వస్తుంది.

మొన్న వేసవిలో ఒకబ్బాయి వచ్చాడు, సీఈసీ. ఏం పని చేశావురా అంటే "ఏం లేదండి, ఖాళీయేనండి" అన్నాడు. మరి సెలవల్లో ఎక్కడున్నావు అంటే బాబాయి గారి ఉల్లిపాయల కొట్లో అన్నాడు. మా ఊళ్ళో ఉల్లి మార్కెట్ పెద్దది, అక్కడ కమిషన్ కొట్లో రెండు వేసవులు ఉన్నాడు వీడు. ఏం చేసేవాడివి? "ఊరికే కూర్చునేవాణ్ణండి." ఊరికే అంటే? "కాటా దగ్గరండి, బస్తా బరువు చూసి చీటీ రాసేవాణ్ణి." రోజుకి ఎన్ని? "లారీకి రెండొందల బస్తాలు ఉంటాయండి, ఒక్కోరోజు రెండు లారీలు దిగుతాయి." సాయంత్రం? "గోనె సంచి బరువు తీసేసి మొత్తం కలిపి బాబాయి పుస్తకంతో సరిచూసేవాణ్ణి, తేడా వస్తే మళ్ళీ మొదట్నుంచి. బస్తాలు మోసే ముఠా కూలీలకి ఎంత ఇవ్వాలో కూడా నేనే లెక్కేసేవాణ్ణి."

అదీ సంగతి. నాలుగొందల బస్తాల లెక్క తేడా రాకుండా చూసినవాడు తనకేం అనుభవం లేదంటున్నాడు. గోడౌన్లో, సూపర్‌మార్కెట్ స్టాక్ సెక్షన్లో, పార్సిల్ ఆఫీసులో వెతికేది సరిగ్గా వీడినే.

మీరు కూడా ప్రతి పనికి ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి: ఎక్కడ, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా, చేత్తో ఏం చేశాను, రోజుకి ఎన్ని లేక ఎంతమంది. చివరిదాన్ని వదలొద్దు, మొత్తం కాగితంలో పనికొచ్చేది అదే.

2. పేరు, పుట్టినతేదీ సరిచూసుకోండి

ఇది రెజ్యూమె పని కాదు అనిపిస్తుంది గానీ దీన్ని తప్పించుకున్నవాళ్ళే ఉద్యోగం వచ్చాక మళ్ళీ మా షాపు చుట్టూ తిరుగుతారు. మనవాళ్ళ పేర్లతో ఒక చిక్కుంది. పది మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే, అది కూడా చివర్లో, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా. ఉద్యోగంలో చేరాక పీఎఫ్ ఖాతా ఆధార్‌తో కలవాలి, పేరు గానీ పుట్టినతేదీ గానీ తేడా ఉంటే అక్కడ ఆగిపోతుంది.

పది మెమోని ఆధారంగా పెట్టుకోండి. మెమోలో మార్పించడం చాలా కష్టం, ఆధార్‌లో మార్చుకోవడం తేలిక. కాకపోతే ఆధార్‌లో పేరు జన్మలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టినతేదీ ఒక్కసారే, కాబట్టి సెంటర్‌లో ఆపరేటర్ టైపు చేశాక ఓకే అనేముందు అక్షరం అక్షరం చదవండి, వెనకాల లైన్లో వాళ్ళు విసుక్కున్నా సరే. రెజ్యూమె మీద మాత్రం పది మెమోలో ఉన్న పేరే వేయండి. ఇంట్లో పిలిచే పేర్లు వద్దు.

18 నిండలేదా? చాలా కంపెనీలు నిండేదాకా తీసుకోవు, డెలివరీ పనులైతే అసలు కుదరదు, మామూలు బండికి లైసెన్సే రాదు కదా. వయసు ఎక్కువ వేసి పంపకండి, మెమో చూడగానే దొరికిపోతారు. ఆ ఖాళీలో టైపింగ్ నేర్చుకోండి, లేకపోతే తెలిసినవాళ్ళ షాపులో ఉండండి.

3. ఫోన్, ఈమెయిల్

ఈమెయిల్ సంగతి: కొత్త ఫోన్ కొన్నప్పుడు షాపువాడే ఏదో పేరుతో జీమెయిల్ తెరిచి ఇచ్చేస్తాడు, ఆ పాస్‌వర్డ్ వాడికీ గుర్తుండదు మనకీ తెలీదు. ఫోన్ పోతే ఆ మెయిల్ కూడా పోయినట్టే. కొంతమందికి పదో తరగతిలో పెట్టుకున్న మెయిల్ ఉంటుంది, హీరో పేరు వెనక రెబల్ అనో డెవోటీ అనో. కొత్తది తెరవండి, మీ పేరు, ఇంటిపేరు, దొరక్కపోతే చివర రెండంకెలు. పాస్‌వర్డ్ ఇంట్లో ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టండి.

ఫోన్ మీ దగ్గరుండేదే ఇవ్వండి. నాన్న నంబరు ఇస్తే, ఆయన పొలంలో ఉన్నప్పుడు కాల్ వస్తే "మావాడు ఇంట్లో లేడండి" అని పెట్టేస్తారు, మీకు చెప్పడం కూడా మర్చిపోతారు. రీఛార్జ్ అయిపోయి ఇన్‌కమింగ్ ఆగిపోయిన నంబరైతే ఇంకా దారుణం, అవతలివాళ్ళు రెండోసారి చెయ్యరు. ఇంకో నంబరు వేస్తే ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి, ఎవరైనా కంపెనీ అంటే పేరు, నంబరు రాసుకోమని.

4. చదువు

కొత్తది పైన, పాతది కింద. ఒక్కోదానికి ఒక్క లైను: కోర్సు, గ్రూపు, కాలేజీ, ఊరు, బోర్డు, పాసైన సంవత్సరం, మార్కులు. ఇంటర్మీడియెట్ అని మాత్రమే రాస్తే బయటి రాష్ట్రం హెచ్ఆర్‌కి అర్థం కాకపోవచ్చు, పక్కనే 12వ తరగతి అని కూడా వేయండి.

శాతం దగ్గరే ఎక్కువ తప్పులు:

- సెకండియర్ మార్కులు ఒక్కటే తీసుకుని లెక్కేస్తారు. రెండేళ్ళూ కలిపిన మొత్తమే తీసుకోవాలి. మెమోలో 1000కి 782 అని ఉంటే 78.2, అంతే. మొత్తం ఎంతకి అనేది మీ మెమోలోనే చూడండి, ఒకేషనల్ వాళ్ళది, సీబీఎస్ఈ వాళ్ళది వేరు.
- గ్రూపు సబ్జెక్టులే కలిపి 90 పైన చూపిస్తారు. వెరిఫికేషన్‌లో తేడా వస్తే మీరే అబద్ధం చెప్పినట్టు.
- తెలంగాణలో 2024 దాకా పది పాసైనవాళ్ళకి మెమోలో జీపీఏ ఉంటుంది. దాన్ని దేనితోనో గుణించి శాతం చెయ్యకండి, 9.3 జీపీఏ అనే వేయండి. ఆంధ్రాలో ఈమధ్య పాసైనవాళ్ళకి 600కి మార్కులే ఉంటాయి, గొడవ లేదు.

సప్లీలో పాసైతే? మెమోలో ఏ సంవత్సరం ఉందో అదే వేయండి. సప్లీ అని రాయక్కర్లేదు, అడిగితే మాత్రం దాచొద్దు, ఫలానా సబ్జెక్టు పోయింది, మళ్ళీ రాసి పాసయ్యాను అని ఒక్క ముక్కలో చెప్పండి చాలు. ఇంకా పాసవ్వలేదా, అయితే పాస్ అని వేసి పంపకండి, పది వరకే అర్హత ఉన్న పనులు చూసుకుంటూ రాయండి.

డిగ్రీలో సీటు వచ్చి చేరితే అది కూడా పైన పెట్టండి, చదువుతున్నాను అని. కాలేజీ టైములు ఏంటో ముందే ఆలోచించుకోండి, ఫుల్ టైమ్ పనికి అప్లై చేసి ఇంటర్వ్యూలో "అటెండెన్స్ మేనేజ్ చేస్తానండి" అంటే ఎవరూ నమ్మరు.

5. పని

తెల్లకాగితం తియ్యండి. ఉల్లి కొట్టు అబ్బాయి మొదట రాసుకొచ్చిన లైను ఇది: "మా బాబాయికి వ్యాపారంలో సహాయం చేశాను." మేము మార్చాక ఇలా అయ్యింది:

ఉల్లి కమిషన్ కొట్టు, తాడేపల్లిగూడెం. సహాయకుడు, రెండు వేసవి సెలవలు (ఏప్రిల్ నుంచి జూన్).
రోజుకి 200 నుంచి 400 బస్తాల కాటా చూసి చీటీ రాయడం.
సాయంత్రం మొత్తం కలిపి పద్దు పుస్తకంతో సరిచూడటం.
కూలీల డబ్బు లెక్కకట్టడం.

ఇప్పుడు దీన్ని ఇంగ్లీషులోకి మార్చండి, చిన్న చిన్న వాక్యాల్లో, బరువు చూశాను, రాశాను, కలిపాను అన్నట్టు. చాట్‌జీపీటీని అడగొచ్చు, తప్పులేదు, కానీ అది మీ బస్తాల కాటాని తీసుకెళ్ళి అర్థంకాని పెద్ద పెద్ద మాటల్లో పెట్టి ఇస్తుంది. మీకు నోరు తిరగని మాట ఉంటే కొట్టేయండి. "సులభమైన ఇంగ్లీషులో, నేను చెప్పనిది కలపకుండా" అని అడిగితే కాస్త నయం.

అసలు ఏ పనీ చెయ్యలేదా? కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ, ఫేర్‌వెల్‌కి డబ్బులు వసూలు చేసి లెక్క రాయడం, వినాయక చవితి కమిటీ చందాల పుస్తకం. చందాల పుస్తకం అంటే నవ్వుతారు గానీ నలభై ఇళ్ళు తిరిగి డబ్బు అడిగి రసీదు ఇచ్చి లెక్క అప్పజెప్పినవాడికి సేల్స్‌లో సగం వచ్చినట్టే. అది కూడా లేదంటే ఆ భాగమే తీసేయండి, ఖాళీ హెడ్డింగ్ పెట్టి కింద నిల్ అని వేయకండి.

6. వచ్చిన పనులు, అదే స్కిల్స్

రూలు ఒక్కటే. ఇప్పుడు కుర్చీ లాగి "ఏదీ, చేసి చూపించు" అంటే రెండు నిమిషాల్లో చూపించగలిగిందే రాయండి.

ఎమ్మెస్ ఆఫీస్ అని రాసేవాళ్ళకి నేను ఒక చిన్న పరీక్ష పెడతా: కిరాణా బిల్లు ఒకటి ఇచ్చి పది సరుకులు ఎక్సెల్‌లో కొట్టించి, టోటల్ ఫార్ములాతో రావాలి, కాలిక్యులేటర్‌తో వేసి టైపు చెయ్యకూడదు, ధర ప్రకారం సార్ట్ చెయ్యాలి, వంద రూపాయల పైవి ఫిల్టర్ చెయ్యాలి, ఒక్క పేజీలో ప్రింట్ వచ్చేట్టు సెట్ చెయ్యాలి. ఇంతే. పదిమందిలో ఏడుగురు టోటల్ దగ్గరే ఆగిపోతారు. మీరు ఇంట్లో ఫోన్‌లో గూగుల్ షీట్స్‌లో చేసి చూసుకోండి, నాలుగూ వస్తే ధైర్యంగా ఎక్సెల్ అని వేయండి, రాకపోతే రెండు సాయంత్రాలు కూర్చుంటే వచ్చేస్తుంది.

టైపింగ్ అయితే స్పీడ్ వేయండి. టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీష్ లోయర్ పాసైతే నిమిషానికి 30 మాటలు, హయ్యర్ అయితే 45, ఆ పరీక్ష పెట్టేది సాంకేతిక విద్యా శిక్షణ మండలి కాబట్టి సర్టిఫికెట్‌కి విలువ ఉంటుంది. సర్టిఫికెట్ లేకపోతే ఏదైనా ఫ్రీ టైపింగ్ సైట్‌లో మూడుసార్లు టెస్ట్ రాసి, అందులో తక్కువ వచ్చింది వేయండి. ఎక్కువది కాదు. ఇంటర్వ్యూలో చేతులు వణుకుతాయి కదా.

బండి వచ్చా? లైసెన్స్ ఉందా, ఎల్ఎల్ఆర్ మాత్రమే ఉందా స్పష్టంగా రాయండి. ఎల్ఎల్ఆర్ వచ్చిన 30 రోజులకి అసలు లైసెన్స్‌కి టెస్టు ఇవ్వొచ్చు, ఆరు నెలలు దాటితే మళ్ళీ మొదటికే, కాబట్టి వదిలెయ్యకండి.

భాషలు: ఏది చదవగలరు, ఏది రాయగలరు, ఏది మాట్లాడగలరు విడివిడిగా. హిందీ సినిమాలు అర్థమైతే హిందీ వచ్చినట్టు కాదు. హైదరాబాద్‌లో కాల్ సెంటర్‌కి వెళ్ళేవాళ్ళయితే, హిందీ అని రాశారా, అవతలివాళ్ళు వెంటనే హిందీలో మొదలుపెడతారు, గుర్తుంచుకోండి.

7. తీసెయ్యాల్సినవి

కులం, మతం, ఆధార్ నంబరు, పాన్ నంబరు, ఎత్తు బరువు, సెల్ఫీ ఫొటో, పైన కెరీర్ ఆబ్జెక్టివ్ అనే ఆ నాలుగు లైన్ల పేరా, కింద "పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అనేది. ఆధార్ నంబరు మాత్రం అస్సలు వేయకండి, ఆ కాగితం ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుందో మనకి తెలీదు.

అయితే ఒక మాట. ఊళ్ళో స్కూలు, హాస్పిటల్, బట్టల షాపు, ఫైనాన్స్ ఆఫీసు వాళ్ళు బయోడేటా అడుగుతారు, వాళ్ళకి తండ్రి పేరు, ఊరు, అడ్రస్, ఫొటో ఉండాలి, లేకపోతే "ఎవరబ్బాయివి" అని ఎలాగూ అడుగుతారు. అందుకని రెండు ఫైళ్ళు పెట్టుకోండి, ఒకటి కంపెనీలకి, ఒకటి ఊళ్ళో వాటికి. రెండోదానికి ఫొటో స్టూడియోలో తీసిందే వాడండి.

8. ఫైలు

ఒక్క పేజీ. రెండో పేజీలోకి మూడు లైన్లు జారితే ఏదో ఒకటి కొట్టేయండి. మామూలు అక్షరాలు, నలుపు రంగు. కాన్వాలో రంగుల టెంప్లేట్‌లు బాగుంటాయి, నేనూ ఒప్పుకుంటా, కానీ రెండు వరసల్లో ఉన్నవి జాబ్ సైట్‌లో ఎక్కిస్తే అక్షరాలు కలిసిపోయి చదువు ఒక చోట సంవత్సరం ఇంకో చోట పడుతుంది. ఇంగ్లీష్ 80 శాతం, తెలుగు 100 శాతం అని గీతలు కూడా వద్దు, ఎవరు కొలిచారు?

పీడీఎఫ్‌గా సేవ్ చేసి ఫైలుకి మీ పేరే పెట్టండి. రెజ్యూమె ఫైనల్, ఫైనల్ 2, లాస్ట్ ఫైనల్ అనే ఫైళ్ళు మా కంప్యూటర్లో వందలున్నాయి, ఎవరివో నాకే తెలీదు.

9. పంపే ముందు చెక్ చేసుకోండి

- పీడీఎఫ్‌ని ఇంట్లో ఇంకొకరి వాట్సాప్‌కి పంపి వాళ్ళ ఫోన్‌లో తెరవండి. జూమ్ చెయ్యకుండా మీ పేరు, నంబరు కనబడాలి.
- అందులో ఉన్న నంబరుకి, చూసి నొక్కి, కాల్ చెయ్యండి. మోగాలి. ఒక అంకె తప్పు పడి నెలరోజులు ఎదురుచూసినవాళ్ళు ఉన్నారు.
- ఆ మెయిల్‌కి ఒక మెయిల్ పంపి తెరిచి చూడండి.
- పీడీఎఫ్‌లో అక్షరాలు మొత్తం కాపీ చేసి నోట్స్‌లో పేస్ట్ చెయ్యండి. వరసగా వస్తే సైట్‌లు కూడా చదవగలవు, చిందరవందరగా వస్తే టెంప్లేట్ మార్చండి.
- ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి ప్రతి లైనుకీ "ఎలా చేశావు?" అని అడిగించుకోండి. ఒక్కోదానికి ఒక నిమిషం మాట్లాడగలగాలి. మాట రాని లైను ఏదైతే ఉందో దాన్ని కొట్టేయండి, ఎంత బాగున్నా.

ఈ ఆఖరిది చేసినవాళ్ళకి ఇంటర్వ్యూ ప్రిపరేషన్ కూడా సగం అయిపోయినట్టే.

10. పంపడం

ఆంధ్రాలో అయితే నైపుణ్యాభివృద్ధి సంస్థ జాబ్ మేళాలు పెడుతుంటుంది, కేంద్రం వాళ్ళ నేషనల్ కెరీర్ సర్వీస్ సైట్ ఉంది, రిజిస్ట్రేషన్ ఫ్రీ. ఇంటర్‌లో లెక్కలు చదివినవాళ్ళయితే హెచ్‌సీఎల్ వాళ్ళ టెక్‌బీ కూడా చూడండి, పరీక్ష పెట్టి తీసుకుని, ట్రైనింగ్ ఇచ్చి ఉద్యోగంలోకి తీసుకుంటారు, పక్కన డిగ్రీ చదువుకోవచ్చు. ఫీజు ఏమైనా ఉందా, మధ్యలో మానేస్తే ఏంటి అనేది వాళ్ళ సొంత సైట్‌లోనే చదివి, ఇంట్లో చూపించి, అప్పుడు సంతకం పెట్టండి. ఇక ఊళ్ళో సూపర్‌మార్కెట్లు, మెడికల్ షాపులు, పార్సిల్ ఆఫీసులకి మెయిల్ పంపడం దండగ. పొద్దున్న రద్దీ లేని టైముకి ప్రింట్ పట్టుకుని వెళ్ళి మేనేజర్ చేతికి ఇవ్వండి. పండగల ముందు అయితే ఇంకా తొందరగా తీసుకుంటారు.

వాట్సాప్‌లో పంపితే ఉట్టి ఫైలు పడెయ్యకండి. పేరు, చదువు, ఏ పని కోసం, ఎప్పట్నుంచి రాగలను, నాలుగు ముక్కలు రాసి కింద ఫైలు పెట్టండి. పంపేముందు మీ డీపీ ఒకసారి చూసుకోండి.

రెండు జాగ్రత్తలు. ఉద్యోగం ఇస్తామని రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్, లాప్‌టాప్ సెక్యూరిటీ అంటూ ముందే డబ్బు అడిగితే అక్కడితో ఆపెయ్యండి, ఐదొందలే కదా అనుకోకండి, వాళ్ళు అందరి దగ్గరా ఐదొందలే తీసుకుంటారు. ఇప్పటికే కట్టేసుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. రెండోది, ఒరిజినల్ మెమోలు ఎవరి దగ్గరా వదలొద్దు. చూపించి, జిరాక్స్ ఇచ్చి, వెనక్కి తెచ్చుకోండి. "మూడు నెలలు పనిచేశాక ఇస్తాం" అన్నవాళ్ళ దగ్గర ఇరుక్కుని, డిగ్రీ అడ్మిషన్‌కి మెమో లేక ఏడ్చిన అమ్మాయిని చూశాను నేను.

ఆ జిరాక్స్ మీద కూడా ఏ కంపెనీ కోసం ఇస్తున్నారో, ఆ రోజు తేదీ అడ్డంగా రాసి సంతకం పెట్టి ఇవ్వండి. పెన్ను మా షాపు కౌంటర్ మీదే దారం కట్టి ఉంటుంది, అడగక్కర్లేదు.